బాణం కదలదు, ఊరే జరగాలి

మా అక్క కొడుకుని ఈ వీధిలో అందరూ బాణం అంటారు. బాణంలా దూసుకుపోతాడని కాదు, కూర్చున్న కుర్చీలోంచి లేవడు కాబట్టి. ఈ రెండిటికీ పొత్తు ఎలా కుదిరిందో తెలియాలంటే ముందు వాడి ఉద్యోగం ఏమిటో తెలియాలి. అది నా బుర్రకెక్కడానికే చాలా రోజులు పట్టింది. నాకే అంత పట్టిందంటే ఇంకొకరికి ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే అర్థమయ్యేదాకా అడగడం మానే మనిషిని కాను నేను.

వాడిది మా పక్కిల్లే. మా గోడా వాళ్ళ గోడా ఒకటే కాబట్టి అక్కడ గరిటె జారితే ఇక్కడ వినిపిస్తుంది. కింది వాటాలో మొగుడూ పెళ్ళాం అద్దెకుంటారు. పై వాటాలో ఇంటాయన, రిటైరైన లెక్కల మాస్టారు. వాడి పెళ్ళాం ముందుగదిలో మిషను కుడుతుంది. పిల్లల గౌన్లు, బడి చొక్కాలు, దిండు గలీబులు, ఏదిచ్చినా చెప్పిన రోజుకి ఇస్తుంది. వాడు మధ్యగదిలో కూర్చుంటాడు. ఆ ఇంటికున్న ఒక్కగానొక్క పెద్ద కిటికీ మధ్యగదిదే. దానికి వాడు నల్లగుడ్డ కట్టేశాడు. వెలుగుంటే తెర మీద రంగులు తెలియవట. ఇవతల గదిలో వెలుగు చాలక పెళ్ళాం సూదిలో దారం ఎక్కించడానికి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. అది వాడి రంగుల్లోకి రాదు.

ఇక పని సంగతి. టీవీ ప్రకటనల్లో కారు నడిపేవాడి ముందు చిన్న తెర ఉంటుంది, దాని మీద దారి చూపించే మ్యాప్ జరుగుతూ ఉంటుంది చూశారా, అది నిజం మ్యాప్ కాదు. మావాడి లాంటివాళ్ళు కంప్యూటర్లో చేసిన బొమ్మ.

"కారులో అసలు మ్యాప్ వస్తుంది కదరా, దాన్నే ఫోటో తీసుకోక ఈ తంటా ఎందుకు?" అని అడిగాను.

"కెమెరాతో తీస్తే తెర మీద చారలొస్తాయి పిన్నీ. అద్దం మెరుస్తుంది. అందుకని షూటింగప్పుడు అక్కడ పచ్చ కాగితం అంటిస్తారు. తర్వాత నేను చేసింది దాని మీద అతికిస్తారు."

"అయితే నడిపేవాడు పచ్చ కాగితం చూసుకుంటూ నడుపుతాడా?"

"అసలు కారే కదలదు పిన్నీ. వెనకనుంచి ఇద్దరు మనుషులు ఊపుతారు."

"కదలని కారులో లేని మ్యాప్. దీనికి జీతం కూడానా" అన్నాను. వాడు నవ్వాడు. తిట్టినా పొగిడినా వాడి మొహంలో అదే నవ్వు, గోడకి కొట్టిన సున్నంలాగ.

మ్యాప్ ఎలా నడుస్తుందో కూడా చూపించాడు. మధ్యలో నీలం బాణం, దాని కింద రోడ్లు, సందులు, ఒక చెరువు. మీట నొక్కాడు. బాణం ముందుకి పోతోంది.

"భలే పోతోందిరా."

"అక్కడే ఉంది కిటుకు. బాణం పోవడం లేదు పిన్నీ. వేలు పెట్టి చూడు."

పెట్టి చూశాను. నిజమే. బాణం నా వేలి కిందనుంచి జరగలేదు. రోడ్లే కిందకి జారుతున్నాయి.

"బాణం కదలకూడదు. ఉన్నచోటే ఉండాలి. ఊరంతా దాని కింద జరగాలి. చూసేవాళ్ళకి అదే వెళ్తున్నట్టు ఉంటుంది" అన్నాడు, ఆకాశానికి నిచ్చెన వేసినంత గర్వంగా. అని, ముందుగది వైపు తల కూడా తిప్పకుండా "ఏమేవ్, కాఫీ" అన్నాడు. మిషను ఆగింది. కాఫీ వచ్చింది. "ఈ ఫ్యాను ఇటు తిప్పు." ఫ్యాను తిరిగింది. "ఫోను ఛార్జింగుకి పెట్టు." ఫోను వెళ్ళింది. ఆ పిల్ల చీపురు తెచ్చి ఊడుస్తుంటే వాడు రెండు కాళ్ళూ పైకెత్తాడు. రోజు మొత్తానికి వాడి ఒళ్ళు వంగేది అంతే.

ఆ సాయంత్రమే నేను వీధిలో నలుగురికి చెప్పాను. మర్నాటికల్లా వాడి పేరు బాణం అయిపోయింది.

ఇంకోసారి వెళ్ళినప్పుడు తెర మీద ఎర్ర గీతలతో ఒక ఖాళీ చదరం కనబడింది. "ఇదేంట్రా, ఏమీ లేని పెట్టె?"

"అది చివరి బొమ్మలో కనబడదు పిన్నీ. కానీ రోడ్లు, చెరువు, పేర్లు అన్నీ దానికే కట్టేసి ఉంటాయి. దాన్ని లాగితే మొత్తం కదులుతుంది. అది లేకపోతే ఒక్కోటీ విడివిడిగా జరుపుకోవాలి, చచ్చే చావు."

"అంటే మీ ఆవిడలాగ" అన్నాను.

వాడికి ఎక్కలేదు. గోడవతల మిషను మాత్రం కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆ పిల్లకి అప్పటికే ఒక బెంగ ఉంది. మాస్టారు ఆ వాటా తన మేనల్లుడికి ఇద్దామా, వీళ్ళనే ఉండనిద్దామా అని ఊగుతున్నాడు. ఇల్లు మారితే బాణానికి పోయేదేమీ లేదు, కుర్చీ ఎక్కడ వేస్తే అక్కడే వాడి ఊరు. ఆ పిల్ల బేరం మాత్రం ఈ వీధితో ముడిపడి ఉంది. నాలుగు సందుల అవతలికి పోతే పాతవాళ్ళు రారు, కొత్తవాళ్ళు నమ్మరు. అందుకని మాస్టారి దిండు గలీబులు ఊరికే కుట్టిపెట్టింది. ఆయన మోటారు కట్టేసే వేళకి నోరెత్తకుండా కుళాయి కట్టేసింది. చివరికి ఆయన మెత్తబడి, "ఈ నెల గడవనీ అమ్మాయ్, ఆలోచించి చెప్తాను" అన్నాడు. లెక్కల మాస్టారు ఆలోచిస్తానన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే.

మాస్టారి గురించి ఒక మాట చెప్పాలి. నీళ్ళు చాలడం లేదని ఎవరన్నా ఆయన అనేది ఒకటే. "అర బకెట్టు చాలదూ?" స్నానానికి అర బకెట్టు. బట్టలకి అర బకెట్టు. ఆ బట్టలు జాడించిన నీళ్ళతోనే గచ్చు కడుక్కోవాలి. వీధి మొత్తం ఆయన్ని అర బకెట్టు అనే అంటుంది, ఆయన మెట్లు ఎక్కి తలుపు వేసుకున్నాక.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావాడికి ఒక టాక్సీ కంపెనీ ప్రకటన పని వచ్చింది. మామూలే, కారులో తెర, తెర మీద మ్యాప్. ఏ నిజం ఊరి పేరూ, వీధి పేరూ ఉండకూడదని ఆఫీసులో చెప్పారట. గొడవలొస్తాయట. అన్నీ కల్పించాలి. కల్పించడానికి మనిషి కాస్త బుర్ర ఖర్చు పెట్టాలి కదా. వాడికి ఆ ఖర్చు కూడా బరువే. మన పేట మ్యాప్‌నే కింద పరుచుకుని దాని మీద గీతలు దిద్దేశాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి నోటికి ఏదొస్తే అది కొట్టేశాడు. వాడి నోటికి ఏమొస్తాయో నాకు తెలుసు, మా అక్క పెంపకం.

నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను గానీ ఒక్కటి కూడా వదలను. వాడి భుజం మీదనుంచి వంగి చదవడం మొదలుపెట్టాను.

"అ... ర... బ... కెట్టు రోడ్డు. ఒరేయ్."

"ఊరికే పిన్నీ."

"పచ్చ గేటు మలుపు. అది మాస్టారి గేటే కదరా. నువ్వు... గింజ... సందు. ఇదెక్కడిది?"

వాడు తెర వైపే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మ్యాప్ మీద చూస్తే ఆ సందు మా ఇంటి ముందునుంచే పోతోంది. నాకు వెలగడానికి ఎంతోసేపు పట్టలేదు. నోట్లో నువ్వుగింజ నానదని నన్ను వెక్కిరించడం.

"నా గురించే కదూ?"

"అది వేరే పిన్ని."

"నీకు పిన్నిని నేనొక్కదాన్నే."

"అయినా ఎవరికి కనబడుతుంది? తెర మొత్తం ఆవగింజంత ఉంటుంది. ఇందులో గొప్ప పేర్లలో లేదు పిన్నీ, తిరగడంలో ఉంది. ఇటు చూడు. కారు ఎడమకి తిరిగితే మ్యాప్ కుడికి తిరగాలి. మ్యాప్‌తోపాటు పేర్లు కూడా తిరిగి తలకిందులైపోతాయి. నేనేం చేశానంటే, మ్యాప్ ఎంత తిరిగితే పేరు అంత వెనక్కి తిరిగేలా కట్టాను. ఎటు తిప్పినా నా పేర్లు నిటారుగా నిలబడతాయి. ఎంత దూరంనుంచైనా చదువుకోవచ్చు."

ఒకే నోటితో ఎవరికీ కనబడవంటాడు, ఎంత దూరంనుంచైనా చదువుకోవచ్చంటాడు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి పొడుస్తున్నాయని వాడికి తట్టదు. అప్పుడే మ్యాప్ ఇంకాస్త జరిగి, అర బకెట్టు రోడ్డు పక్కనుంచి చీలిన చిన్న సందు ఒకటి వచ్చింది. ముందుకి పోయి ఆగిపోతుంది. దాని మీద "టకటక సందు" అని, కింద చిన్న అక్షరాలతో "దారి లేదు" అని ఉంది.

ముందుగదిలో మిషను టకటకమంటూనే ఉంది. ఆ పేరు నేను పైకి చదవలేదు. లేచి ముందుగదిలోకి వెళ్ళి, మిషను మీద వంగి ఉన్న ఆ పిల్లకి అన్నీ వరసగా చెప్పాను. నువ్వుగింజ అని పేరు పెట్టాక నానబెట్టాల్సిన బాధ్యత నాకేముంది?

ఆ పిల్ల చేతిలో గుడ్డ పక్కన పెట్టి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "మాస్టారి పేరు తీసేయండి" అంది. తన పేరు గురించి ఒక్క మాట అనలేదు.

"రేపు తీస్తాలే."

"రేపంటే?"

"రేపంటే రేపే. అయినా ఆయన చూస్తాడా ఏంటి? టీవీ పెడితే కరెంటు కాలుతుందని దాని మీద తువ్వాలు ఆరేసుకుంటాడు."

రేపు రాలేదు, ఆఫీసునుంచి ఫోను వచ్చింది. మ్యాప్ టాక్సీ కంపెనీవాళ్ళకి తెగ నచ్చిందట. పేర్లు చదివి పడీ పడీ నవ్వారట. ఆవగింజంత తెరలో ఎందుకు, ప్రకటన మొత్తం మ్యాప్ మీదే నడపండి అన్నారట. టీవీ నిండా మ్యాప్, మధ్యలో బాణం, ఒక ఆడగొంతు "అర బకెట్టు రోడ్డు దగ్గర ఎడమకి తిరగండి" అని చెప్తుందట. వాడు ఈ కబురు చెప్తూ కుర్చీలో గుండ్రంగా ఒక చుట్టు తిరిగాడు. వాడు అంత ప్రయాణం చేయడం నేను చూసింది అప్పుడే.

"మారుస్తానన్నారు" అంది పెళ్ళాం.

"ఇప్పుడెలా మారుస్తానే? వాళ్ళు మెచ్చుకున్నవే పేర్లు. ఇవి మా ఇంటాయన పేరూ, మా పిన్ని పేరూ అని చెప్పుకోనా? పరువు పోదూ?"

"ఇల్లు పోతుంది."

"పోదులే. నువ్వు ఊరికే భయపడతావ్."

ఆ పిల్ల కాఫీ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఆ మెచ్చుకోలు కూడా వాడి జేబులో పడింది లేదు. పేర్ల ఆలోచన తనదేనని వాడి పై అధికారి టాక్సీ కంపెనీవాళ్ళ దగ్గర చెప్పుకున్నాడట. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గానీ, వీడికి దిబ్బ ఒక్కటే మిగిలింది.

మాస్టారు ఇంట్లో టీవీ పెట్టడు, నిజమే. ఊరికే వచ్చే టీవీ ఉన్నచోట చూస్తాడని ఈ మేధావికి తోచలేదు. ఆయన రోజూ పొద్దున్నే క్షవరశాలకి వెళ్ళి కూర్చుంటాడు. గడ్డం నెలకోసారే, పేపరూ టీవీ రోజూ.

ప్రకటన టీవీలో వచ్చిన పొద్దున ఆయన చెప్పుల చప్పుడు మెట్ల వైపు పోకుండా కింది వాటా ముందే ఆగింది. నేను పొయ్యి మీద కూర దించేసి వచ్చేశాను. పిలవని పెళ్ళికి వెళ్ళను గానీ, పిలవని తగువుకి వెళ్ళకుండా ఉండలేను.

"ఏమయ్యా, ఆ టాక్సీ ప్రకటనలో మ్యాప్ నువ్వు చేసిందేనా?" అన్నాడు మాస్టారు, మధ్యగది గుమ్మంలో నిలబడి.

వాడు మెచ్చుకోడానికి వచ్చాడనుకున్నాడు. "అవును మాస్టారూ. పేర్లు చూశారా? ఎటు తిరిగినా నిటారుగానే ఉంటాయి. అది అందరికీ రాదు."

"చూశాను. నిటారుగా ఉన్నాయి కాబట్టే చదవగలిగాను. కత్తి పట్టుకున్నవాడు చదివాడు, సగం గడ్డంతో కూర్చున్నవాడు కూడా చదివాడు. ఇద్దరూ నా వైపు చూశారు. అర బకెట్టు ఎవరు?"

"ఎవరూ కాదు మాస్టారూ. కల్పన."

"పచ్చ గేటు కల్పనా? నా గేటు ముందు రెండు వీధులు కత్తెర తెరిచినట్టు వంకరగా కలుస్తాయే, ఆ కోణం కూడా కల్పనేనా?"

"పేర్లు నావి కావు. ఆఫీసులో పెట్టారు."

అప్పటిదాకా నడుస్తున్న మిషను ఆగింది. ఆ పిల్ల భుజం మీది టేపు తీసి పక్కన పెట్టి లేచి వచ్చింది.

"పేర్లు ఆయనవే మాస్టారూ. అర బకెట్టు మీరు. నువ్వుగింజ అత్తయ్య. ఆ పక్కన దారి లేని సందు ఒకటి ఉంది, అది నేను."

మాస్టారి కోపం దారి తప్పింది. "దారి లేనిది నువ్వేంటమ్మా? ఎందుకు?"

"ఆయన్నే అడగండి."

బాణం కుర్చీ చేతుల మీద వేళ్ళు ఆడించాడు. "ఏం లేదు మాస్టారూ. మ్యాప్ మీద అక్కడ కాస్త ఖాళీ మిగిలింది. ఏదో ఒకటి పెట్టాలి కదా."

ఈ జవాబుని నేను మనసులో ఒకటికి రెండుసార్లు కూడబలుక్కున్నాను. వెక్కిరించడానికైనా మమ్మల్ని గుర్తు పెట్టుకున్నాడు, మాస్టారినీ నన్నూ. పెళ్ళాన్ని ఖాళీ నింపడానికి పెట్టాడు.

మాస్టారు గొంతు సర్దుకున్నాడు. "ఇతనికి ఇల్లివ్వను. ఖాళీ చేయాల్సిందే."

"ఆయనకి ఇవ్వకండి. ఆయన అడగలేదు కూడా" అంది ఆ పిల్ల. "అడిగింది నేను. నాకివ్వండి."

"నీకా?"

"అద్దె మీ చేతిలో పెట్టేది ఎవరు మాస్టారూ?"

"నువ్వే."

"నీళ్ళు ఎప్పుడైనా ఎక్కువ వాడానా?"

"నువ్వు వాడలేదు. మీ ఇంట్లో ఎవరో వాడతారు. తూములో చప్పుడు వింటూనే ఉన్నాను."

"ఆయనకి అర బకెట్టు చాలదు మాస్టారూ. నా వంతులోది పోస్తాను."

మాస్టారు బాణం వైపు చూశాడు. తన పేరు టీవీలో చదివినప్పుడు కూడా ఆయన అలా చూసి ఉండడు. "ఇక పొయ్యకు" అన్నాడు ఆ పిల్లతో.

"పొయ్యను. ఇల్లు నాకిస్తే గదులు కూడా నావే కదా?"

"లెక్క ప్రకారం అంతే."

"అయితే నాకు మధ్యగది కిటికీ కావాలి. మిషను అక్కడ వేసుకుంటాను. ముందుగదిలో గుడ్డలు పరుచుకుని కత్తిరించుకుంటాను."

"మరి నేను?" అన్నాడు బాణం.

మాస్టారు ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల కిటికీ వైపు చూసింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేనే చెప్పాను. "వసారాలో మెట్ల కింద చోటుందిరా. చీకటిగా ఉంటుంది, నీ రంగులు బాగా తెలుస్తాయి."

పాపం, పిన్ని నవ్వించడానికి అంటోందనుకున్నాడు. మధ్యాహ్నానికి నల్లగుడ్డ ఊడింది. ఆ గదిలో పగలు ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదలు. గోడ మీద కుర్చీ వీపు రాసుకున్న మరక ఒకటి తప్ప ఏమీ లేదు. బల్లా, రెండు తెరలూ, వైర్లూ మెట్ల కిందకి చేరాయి. వాటిని మోసుకెళ్ళింది వాడే. పెళ్ళాన్ని రెండుసార్లు పిలిచాడు. ఆ పిల్ల కిటికీ పక్కన సూదిలో దారం ఎక్కిస్తోంది, మొదటిసారికే ఎక్కింది.

మెట్ల కింద నీళ్ళ మోటారు ఉంది. మాస్టారు పైనుంచి మీట వేయగానే అది గుర్రుమంటుంది, బల్ల అదురుతుంది, తెర మీద కదలకూడని బాణం వణుకుతుంది. అక్కడినుంచి కేక వేస్తే వంటింటికి వినబడదు. కాఫీ కావాలంటే లేచి వెళ్ళి పెట్టుకుంటున్నాడు, పాలు పొంగించుకుంటున్నాడు కూడా.

మొన్న వెళ్ళాను, ఏం చేస్తున్నాడో చూద్దామని. ఇంకో మ్యాప్. వంగి చదివాను. మొదటి వీధి, రెండో వీధి, మూడో వీధి.

"పేర్లు పెట్టలేదేంరా?"

"వద్దు పిన్నీ."

బుద్ధి వచ్చిందని మురిసిపోకండి. ఒళ్ళు బద్ధకం, అంకెలైతే ఇంకా సులువని కనిపెట్టాడు. నేనింకా అడిగేదాన్నే గానీ, గుడ్డల సంచి పట్టుకుని ఒకావిడ వచ్చింది, కుట్టించుకోడానికి. వసారాలోంచి లోపలికి పోవాలంటే వాడి కుర్చీ వెనకనుంచే దారి. "కాస్త జరుగు బాబూ" అంది. వాడు మీట నొక్కి మ్యాప్ ఆపి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆవిడ వెళ్ళింది. కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఇంకో ఆవిడ వచ్చింది, వెంట ఇద్దరు పిల్లలు, కొలతలకి.

"జరగరా" అన్నాను.

జరిగాడు.